పట్టాలో లేని పేరు

"మన భూమే మన చేతిలో లేదు. ముందు అది తేలనివ్వండి. ఈ గే, హిజ్రా సంగతులు పట్నం వాళ్లు చూసుకుంటారు."

పోయిన వేసవి శిక్షణ తరగతుల్లో ఒక తమ్ముడు ఈ మాట అన్నాడు. డిగ్రీ చదువుతున్నాడు, తెలివైనవాడు, 1/70 చట్టం గురించి గంటసేపు కాగితం చూడకుండా మాట్లాడగలడు. అతని మాటకి సగం మంది చప్పట్లు కొట్టారు. మాలో కొందరం కూడా కొట్టబోయి ఆగాం. ఎందుకాగామో ఆ పూట చెప్పలేకపోయాం. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నాం.

అతన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మన సంఘాల్లో చేతులు తక్కువ, పనులు ఎక్కువ. కేసులకి తిరగాలి, సర్వేకి వచ్చినవాళ్ల వెంట నడవాలి, దరఖాస్తు ఎక్కడ ఆగిందో కనుక్కోవాలి. అలాంటప్పుడు ఏది ముందు అని అడగడం న్యాయమే. మేం అడిగేది దాని పక్కనే ఉన్న ఇంకో ప్రశ్న. "ముందు భూమి" అంటున్నాం కదా, ఆ భూమి మనలో ఎవరెవరిది?

మాకు తెలిసిన ఒక గూడెం ఉంది. ఊరి పేరు చెప్పం, మనుషుల పేర్లూ చెప్పం. అక్కడ ఒక పెద్దాయన పోడు కొట్టినందుకు దెబ్బలు తిన్నాడు, జైలుకి పోయాడు, వాయిదాలకి తిరిగి తిరిగి మేకలన్నీ అమ్ముకున్నాడు. చివరికి మూడెకరాలకి అటవీ హక్కు పట్టా వచ్చింది. ఆ రోజు గూడెమంతా డోలు కొట్టింది. ఆయనకి ముగ్గురు కొడుకులని అందరూ అనుకునేవారు. నడిపి బిడ్డ మాత్రం చిన్నప్పటి నుంచీ ఆడపిల్లల్లోనే కలిసేది, అమ్మ చీర కొంగు నెత్తిన వేసుకుని నీళ్లకి పోయేది. ఇంట్లో మొదట నవ్వారు, తర్వాత కొట్టారు. ఆశ్రమ పాఠశాలలో "తేడా" అని పేరు పెట్టారు. ఒక మాస్టారు తరగతిలోనే ఆ నడక నడిచి చూపించి పిల్లల్ని నవ్వించాడు. ఈ పుస్తకం చదివే మాస్టార్లు మమ్మల్ని క్షమించాలి, కానీ ఆ నవ్వు సంగతి రాయకుండా ముందుకు పోలేం. తొమ్మిదో తరగతితో చదువు ఆగింది. పదిహేడో ఏట ఊరు వదిలింది.

పట్నంలో హిజ్రాల ఇంట్లో చేరింది. గురువు దొరికింది, కొత్త పేరు దొరికింది, రైళ్లలో చెయ్యి చాచే బతుకూ దొరికింది. కొన్నేళ్లకి ఇంటికి ఫోన్ చేసింది. అప్పటి నుంచి చిన్న తమ్ముడి ఫోన్‌పేకి డబ్బులు రావడం మొదలైంది. తండ్రి ఆయాసానికి మందులు ఆ డబ్బుతోనే వచ్చాయి. అది ఎవరి డబ్బో ఆయనకి తెలుసో లేదో మాకు తెలియదు. ఆయన పోయినప్పుడు "చీరతో మాత్రం రావొద్దు" అన్నారు. ప్యాంటూ చొక్కా వేసుకుని, జుట్టు తువ్వాలు కింద దాచుకుని వచ్చింది. మూడో రోజు తెల్లారకముందే వెళ్లిపోయింది. తర్వాత పట్టా మార్పు కోసం వారసుల జాబితా రాశారు. అందులో రెండే పేర్లు. దీని మీద తగాదా ఏమీ జరగలేదు. "వాడు మనలో లేడు కదా" అని ఎవరో అన్నారు, మిగతావాళ్లు తలూపారు.

ఆ జాబితా రాసింది ఏ షావుకారూ కాదు, ఏ రేంజరూ కాదు. లాఠీదెబ్బలు తిన్నవాళ్లే రాశారు.

తెలుగులో "మేము", "మనము" అని రెండు మాటలున్నాయి. మేము అంటే వినేవాళ్లు బయట ఉంటారు. మనము అంటే లోపలికి వస్తారు. చిన్నపిల్లలు కూడా పొరబడని తేడా ఇది. సంఘం మీటింగుల్లో మనం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా "మన భూమి, మన అడవి, మన నీళ్లు" అంటాం. ఆ నడిపి బిడ్డ ఆ సభలో కూర్చుని ఉంటే, ఆ "మన" తనకి ఏ అర్థంలో వినబడేది?

ఇక చరిత్ర. 1871లో తెల్లదొరల ప్రభుత్వం ఒక చట్టం చేసింది. నేరస్థ తెగల చట్టమని మన వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో వందసార్లు చెప్పుకున్నాం. దానికి రెండు భాగాలున్నాయని మాత్రం మేం చాలా ఆలస్యంగా తెలుసుకున్నాం. మొదటి భాగం తెగల గురించి. రెండో భాగం ఆ చట్టం "నపుంసకులు" అని పిలిచిన మనుషుల గురించి, అంటే ముఖ్యంగా హిజ్రాల గురించి. తెగలవాళ్లకి రిజిస్టరు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. హిజ్రాలకీ రిజిస్టరే. రిజిస్టరులో ఉన్న మనిషి ఆడబట్టలు కట్టుకునో నగలు పెట్టుకునో వీధిలో కనిపించినా, డబ్బుకి ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైలు. దత్తత తీసుకునే హక్కు లేదు, వీలునామా రాసే హక్కు లేదు. అంటే తన తర్వాత తన ఆస్తి ఎవరికి చెందాలో చెప్పే నోరు లేకుండా చేశారు. పైన చెప్పిన పట్టా కథ ఇక్కడ గుర్తుచేసుకోండి.

ఆ ఇద్దరినీ ఒకే చట్టంలో ఎందుకు కట్టారు? స్థిరమైన ఇల్లు, పన్ను కట్టే పొలం, మొగుడూ పెళ్లాం పిల్లలు అనే లెక్కలో ఇమడని వాళ్లందరూ ఆ ప్రభుత్వానికి అనుమానితులే. తిరిగేవాడు దొంగ, ఆడేవాడు చెడ్డవాడు. నేరం చేశాడా లేదా అని చూడక్కర్లేదు, పుట్టుక చాలు. 1911 నాటి కొత్త చట్టంతో తెగల భాగం మద్రాసు రాజధానికి వచ్చింది. మన యెరుకల, యానాది, సుగాలీ కుటుంబాలు ఎన్నో దాని కింద నలిగాయి. స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో హాజరు పలికిన ముసలివాళ్ల మాటలు విన్నవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. అటు నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, హిజ్రాల మీద అలాంటి చట్టమే విడిగా చేశారు.

మన మీద చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. పాత నేరస్థుల చట్టాల పేరుతో ఆ అనుమానం వేరే దారిలో మళ్లీ వచ్చిందన్నది వేరే కథ. హైదరాబాదు హిజ్రాల చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. నిజాం పోయాడు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, తెలంగాణ విడిపోయింది, అది పోలేదు. వైజయంతి వసంత మొగ్లి, ఇతర ట్రాన్స్ కార్యకర్తలు కోర్టుకి వెళ్తే 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. మన తెగల చట్టం పోయిన 71 ఏళ్లకి. ఈ 71 ఏళ్లలో మన సంఘాల తీర్మానాల్లో ఆ చట్టం గురించి ఒక్క వాక్యమైనా మాకు కనబడలేదు. రెండో భాగం చదవకుండానే పుస్తకం మూసేశాం.

"ఇది మన సంస్కృతిలో లేదు" అనే మాట ఒకటుంది. దానికి జవాబుగా కొందరు మిత్రులు "లేదు, పూర్వం మన గూడేల్లో ఇలాంటివాళ్లని గౌరవించేవాళ్లు" అని వాదిస్తారు. మేం ఆ దారిన పోదల్చుకోలేదు. ఒక్కో తెగది ఒక్కో ఆచారం. ఒకచోట గౌరవం ఉండి ఉండొచ్చు, ఇంకోచోట దెబ్బలే ఉండొచ్చు. తాతలు ఒప్పుకున్నారని నిరూపిస్తేనే మనవరాలికి అన్నం పెడతామా? మన ఆచారంలో మంత్రగత్తె అని ముద్రవేసి మనుషుల్ని చంపడమూ ఉండేది. పాతది కాబట్టి దాన్ని నిలబెట్టాలని ఎవరమూ అనం.

తరగతిలో ఆ తమ్ముడు ఇంకో మాట కూడా అన్నాడు, అది మాకు గట్టిగా తగిలింది. "రంగుల జెండాలు పట్టుకుని నడిచేవాళ్లు పోలవరం నిర్వాసితుల దగ్గరికి ఎప్పుడైనా వచ్చారా?" నిజమే. పట్నాల్లో ఆ సభలు చాలావరకు ఇంగ్లీషులో జరుగుతాయి. అక్కడా పై కులాలవాళ్ల గొంతే ముందు వినబడుతుంది. ఇది మా ఫిర్యాదు మాత్రమే కాదు, దళిత ట్రాన్స్ కార్యకర్తలు ఎన్నాళ్ల నుంచో చెబుతున్నదే. అయితే ఎవరు ముందు ఎవరి గడప తొక్కాలి?

బొగ్గు బావి అంటే ఏమిటో ఇల్లెందు, కొత్తగూడెం వైపు మనవాళ్లకి చెప్పక్కర్లేదు. 1984లో బ్రిటన్‌లో థాచర్ ప్రభుత్వం బావులు మూస్తామంటే గని కార్మికులు సమ్మెకి దిగారు. ఏడాది నడిచింది. యూనియన్ డబ్బుని కోర్టులు స్తంభింపజేశాయి, ఇళ్లలో పిల్లలకి తిండి కరువైంది. అప్పుడు లండన్‌లో మార్క్ ఆష్టన్, మైక్ జాక్సన్ అనే ఇద్దరు గే యువకులు మొదలుపెట్టిన చిన్న గుంపు బకెట్లు పట్టుకుని వీధుల్లో చందాలు వసూలు చేసింది. వాళ్ల తర్కం సాదాసీదా: పోలీసులు, పత్రికలు, ప్రభుత్వం నిన్నటిదాకా మన మీద పడ్డాయి, ఇవాళ వాళ్ల మీద పడుతున్నాయి. ఆ డబ్బు వేల్స్‌లో దులైస్ అనే లోయలోని బొగ్గు ఊళ్లకి పంపారు. ఆ ఊళ్లు ఎలాంటివి? అందరూ అందరికీ చుట్టాలు, మగవాడు మగవాడిలా ఉండాలనే ఊళ్లు. మన గూడేల లాంటివే. "ముందు మీరు మమ్మల్ని ఒప్పుకోండి, తర్వాత డబ్బిస్తాం" అని వాళ్లు అనలేదు. వ్యానెక్కి వెళ్లారు, క్లబ్బు హాల్లో కూర్చున్నారు, ఆడవాళ్లు వండింది తిన్నారు.

సమ్మె ఓడిపోయింది. అది దాచకూడదు. అయినా 1985 జూన్‌లో లండన్ ప్రైడ్ ఊరేగింపు ముందు వరసలో ఆ వేల్స్ కార్మికులు తమ యూనియన్ బ్యానరుతో నడిచారు. అదే ఏడాది లేబర్ పార్టీ మహాసభలో స్వలింగ ప్రేమికుల హక్కుల తీర్మానం నెగ్గడానికి గని కార్మిక సంఘం ఓట్లు అండగా నిలిచాయి. ఆష్టన్ 1987లో ఎయిడ్స్‌తో పోయాడు, ఇరవై ఆరేళ్లకే.

మనకి వేల్స్ దాకా పోనక్కర్లేదు, సర్టిఫికెట్ దగ్గరే కలుస్తాం. ఎస్టీ సర్టిఫికెట్ కోసం ఆఫీసు వరండాలో నిలబడి, "నువ్వు నిజంగా ట్రైబలేనా, నీ భాష మాట్లాడు చూద్దాం" అనిపించుకున్నవాళ్లు ఇది చదువుతున్నవాళ్లలో ఎందరో ఉంటారు. నువ్వెవరో నువ్వు చెబితే చాలదు, కుర్చీలో ఉన్నాయన ఒప్పుకోవాలి. 2014 ఏప్రిల్‌లో నల్సా తీర్పులో సుప్రీంకోర్టు, తానెవరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని అంది. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ల చట్టం మళ్లీ జిల్లా మేజిస్ట్రేటు సర్టిఫికెట్ దగ్గరికే తెచ్చి నిలబెట్టింది.

రిజర్వేషన్ సంగతి ఇంకా దగ్గరిది. ఆ తీర్పు ట్రాన్స్‌జెండర్లని వెనకబడిన తరగతులుగా చూడమంది. తమిళనాడు 2015లో అత్యంత వెనకబడిన తరగతుల్లో చేర్చింది. వినడానికి బాగానే ఉంది. మన నడిపి బిడ్డ సంగతేమిటి? ట్రాన్స్‌గా పోటీపడాలంటే ఎస్టీ పక్కన పెట్టాలి, ఎస్టీగా పోటీపడితే ట్రాన్స్ అన్నది లెక్కలోకి రాదు. ఒక ఒంట్లో ఉన్న రెండు గాయాల్లో ఒకదానికే మందు. దీన్ని ఎదిరించి గ్రేస్ బాను లాంటి దళిత ట్రాన్స్ నాయకులు అడ్డ రిజర్వేషన్ అడుగుతున్నారు, ఆడవాళ్లకి, వికలాంగులకి ఉన్నట్టు ప్రతి కోటాలోనూ ఒక వాటా. కర్ణాటక 2021లో ప్రభుత్వ ఉద్యోగాల్లో 1 శాతం అలా ఇచ్చింది. ఇది మన కోటాని బయటివాళ్లకి పంచడం కాదని మన విద్యార్థి సంఘాలు గమనించాలి. ఎస్టీ కోటాలో ఆ వాటా ఎస్టీ బిడ్డకే వస్తుంది.

ఇక్కడ మాకు జవాబు దొరకని సంగతి ఒకటుంది. 2022లో ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ ఫైటర్స్ అనే పోలీసు దళంలోకి 9 మంది ట్రాన్స్‌జెండర్లని తీసుకున్నారు. పత్రికలన్నీ మెచ్చుకున్నాయి. చెయ్యి చాచిన చోటే జీతం, సెల్యూట్ దొరికినవాళ్లని తప్పుపట్టే నోరు మాకు లేదు. కానీ సల్వాజుడుం రోజుల్లో ఇళ్లు తగలబడి గోదావరి వైపు పారిపోయి వచ్చిన గొత్తికోయ కుటుంబాలు మన పక్కనే బతుకుతున్నాయి. ఒకరికి గౌరవం ఇచ్చిన యూనిఫారమే ఇంకొకరికి భయం. ఈ విషయం మీద మాలో మేమే రెండు రాత్రులు వాదించుకున్నాం, తేలలేదు. ఒకటి మాత్రం తోచింది. మన గూడెంలోనే వాళ్లకి చోటుండి ఉంటే, ఎవరు ముందు పిలిచి చోటిస్తారా అని చూసే అవసరం తగ్గేది.

పోయిన నెల మేం ముగ్గురం ఆ గూడెం వెళ్లాం. తరగతిలో మాట్లాడిన తమ్ముడు కూడా వచ్చాడు. అతను ఇంకా మాతో ఏకీభవించలేదు. "చట్టం ప్రకారం వాటా ఉంది. అంతవరకే నేను మాట్లాడతా" అన్నాడు. అంతవరకు బాగానే మాట్లాడాడు. అటవీ హక్కు పట్టా వారసత్వంగా వస్తుంది, అమ్మడానికి వీల్లేదు, కాబట్టి బయటివాళ్ల పాలవుతుందన్న భయం అక్కర్లేదని నచ్చజెప్పాడు. పెద్దన్న విన్నాడు. చిన్న తమ్ముడు "రేపు నాకు సంబంధం ఎవరిస్తారు?" అన్నాడు. దానికి చట్టంలో జవాబు లేదు. తల్లి చాలాసేపు ఇప్పపూలు ఏరుతూ కూర్చుని, ఏడాది దినానికి దాన్ని చీరతోనే రమ్మని చెప్పమంది.

కొత్త దరఖాస్తు రాయడానికి కూర్చుంటే పేరు దగ్గర ఆగిపోయాం. బడి టీసీలో ఒక పేరు, ఇప్పటి ఆధార్‌లో ఇంకో పేరు. ఫోన్ చేసి అడిగాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, రెండూ రాయండి, అయ్య నన్ను పిలిచింది ఆ పాత పేరుతోనే కదా, అంది. రెండూ రాశాం. పెద్దన్న వేలిముద్ర వేశాడు. చిన్న తమ్ముడు ఇంకా సంతకం పెట్టలేదు. గ్రామసభ వచ్చే నెలలో ఉంది.