నీరందఱిది, పూడిక యెవ్వరిది?

కఱవు వచ్చినప్పుడు చెఱువు నీటికి హక్కుదారులమని చెప్పుకొనువారు పలువురు గలరు. ఆ చెఱువు అడుగున చేరిన మన్ను తమదని చెప్పువాడొక్కడును కానరాడు. ఈ వైపరీత్యమున గొప్ప ధర్మప్రశ్న యిమిడియున్నదని మేము తలంతుము.

నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకు, రెండు కొండల నడుమ 57 అడుగుల కట్ట వేసి, విజయనగరపు కాలమున కంభము చెఱువును నిర్మించిరి. సుమారు 430 చదరపు మైళ్ల నేలపై కురిసిన వాన దానిలోనికి దిగును. వానతో మన్నును దిగును. నీరు తూము వెంట పొలమునకు పోవును, మన్ను నిలిచిపోవును. చెఱువు నిండినట్లే కనబడును గాని, లోతు ఏటేట తఱుగును.

1950 ఆగస్టు 15వ తేదీని అస్సాము భూకంపమున కొండచఱియలు విఱిగి నదులలో పడెను. బ్రహ్మపుత్ర బురదయై పాఱెను. దిబ్రూగఢ్ కడ నదీగర్భము మెఱకయెక్కెను. అది దైవికము. కాని కొండవాలున చెట్లు నఱకి, నేలను వాలు వెంట దున్నువాడు ఆ భూకంపము చేసిన పనినే మెల్లగా చేయుచున్నాడు. అది దైవికము గాదు.

మనకు పొరుగుననున్న పోరుమామిళ్లలోని 1369 నాటి శాసనము మంచి చెఱువునకు పండ్రెండంగములను, విడువదగిన యాఱు దోషములను చెప్పుచున్నది. అది కట్టువాని ధర్మము. కాపాడువాని ధర్మమును మన పెద్దలు కుడిమరామత్తు అనిరి. ఆచారసిద్ధమైన ఆ శ్రమను 1858లో చెన్నపట్నపు రాజధానికై చేసిన చట్టముచే నిర్బంధము చేసిరి. చట్టము కావలసివచ్చిననాడే ధర్మము సడలినదని యెఱుంగవలయును.

అట్లని పూర్వాచారమునంతయు మేము పొగడము. పాఱ పట్టువాడొకడు, పంట కోసికొనువాడొకడు ఐనచో అది ధర్మము గాదు, వెట్టి. కావున నీటిలో ఎంత పాలో పూడికలోను అంత పాలుండవలయును. ఎకరములను బట్టి నీరు పంచుకొనువారు ఎకరములను బట్టియే మట్టిబండ్లను తోలుకొనవలెను. ఎగువవారు గట్లు వేసి మన్నును తమ చేలలోనే నిలుపవలెను. 1997 నాటి చట్టముచే నేర్పడిన నీటి సంఘములకు ఇంతకంటె తగిన పని యేమున్నది?

ఇది నష్టపు బేరమును గాదు. 2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రైతులే పూడికమట్టిని తమ చేలకు తరలించుకొనిరి. చెఱువులో దోషమైనది చేనిలో ఎరువాయెను.

అందఱును భుజించి, కుండ తోముట యొక్కరికే విడుచు ఇంటిని మనము మెచ్చము. ఊరి చెఱువు విషయమున మాత్రము మనమందఱము అట్టి యింటివారమే!