ఆమె ‘సరే’, ఆమె ‘వద్దు’

మన పేపర్లలో ఈ వార్త ఎప్పుడూ ఒకే అచ్చులో ఉంటుంది. లాడ్జిపై దాడి, నిర్వాహకుడి అరెస్టు, రెస్క్యూ హోమ్‌కు యువతుల తరలింపు. ఆ చివరి ముక్క దగ్గర నేనెప్పుడూ ఆగలేదు. కథ సుఖాంతమైందనుకుని పేజీ తిప్పేసేవాణ్ని. ఈమధ్య ఆగాను. తరలించారు సరే, ఆమెను అడిగారా?

మనుషుల అక్రమ రవాణాని నేరంగా నిర్వచించిన ఐపీసీ 370లో (2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహిత 143) ఒక వివరణ ఉంది: నేరాన్ని తేల్చేటప్పుడు బాధితురాలి సమ్మతితో పనిలేదు. మొదటిసారి చదివినప్పుడు ఇబ్బందిపడ్డాను. మనిషి ‘సరే’ అన్నా లెక్కలేదా?

తర్వాత ఒప్పుకున్నాను. నేను ‘ఐ అగ్రీ’ బటన్లు పెట్టే వృత్తిలో ఉన్నవాణ్ని. ఎవరూ చదవరని తెలిసే పెడతాం, రేపు గొడవైతే చూపించుకోడానికి. బ్రోకరు సంపాదించే ‘సరే’ కూడా అలాంటిదే. అప్పో, బెదిరింపో, పెళ్లి మాటో వాడి ఆమెచేత అనిపిస్తాడు, దాన్నే తనకి అడ్డం పెట్టుకుంటాడు. అది చెల్లదనడం న్యాయమే. మైనర్ల విషయంలో అసలు చర్చే లేదు.

చిక్కల్లా ఆ తర్వాతే. పీటా అని మనం పిలుచుకునే 1956 నాటి చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం, విడిపించిన మనిషికి సంరక్షణ అవసరమని మేజిస్ట్రేటు భావిస్తే హోమ్‌లో ఉంచొచ్చు. ఏడాదికి తగ్గకుండా, మూడేళ్లకు మించకుండా. ఆమెను ఈ పనిలోకి దింపినవాడికి అదే చట్టం 5వ సెక్షన్ కింద కనీస జైలుశిక్ష ఎంతో తెలుసా? మూడేళ్లు.

2020లో బొంబాయి హైకోర్టు ఇలా హోమ్‌కు పంపిన ముగ్గురు మహిళలను విడిచిపెట్టమంది. వాళ్లు మేజర్లు, ఎక్కడుండాలో వాళ్లిష్టం అంది. 2022 మే 19న సుప్రీంకోర్టు, ఇష్టానికి విరుద్ధంగా హోముల్లో ఉన్న వయోజన మహిళల కేసులను సమీక్షించమని రాష్ట్రాలను ఆదేశించింది.

నాకిక్కడ రెండు విషయాలు కలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఆమె ‘సరే’ నేరస్థుణ్ని కాపాడకూడదు. అంతమాత్రాన ఆమె ‘వద్దు’ అన్నది కూడా చెల్లకుండా పోతుందా? మొదటిది వాడి నేరం గురించిన నియమం, రెండోది ఆమె బతుకు గురించిన హక్కు. వాడి మీద ఎత్తిన కత్తిని ఆమెకి తాళంగా వాడుకుంటున్నాం.

‘బ్రోకరు గేటు బయటే నిలబడి ఉంటే?’ అని అడిగాడో మిత్రుడు. తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. భయం కూడా ‘నా ఇష్టం’ అనే అంటుంది. అందుకే ఆమెకో లాయరు కావాలి, పోలీసులు లేని గదిలో మాట్లాడే వీలు కావాలి, చేతిలో కొంత డబ్బు, కాస్త టైమూ కావాలి. ఇవన్నీ ఇచ్చాక కూడా కొందరు వెనక్కే వెళ్తారు. ఆ ఓటమిని భరించాలనే అనుకుంటున్నాను, తేలిగ్గా కాదు.

‘కన్యాశుల్కం’లో సౌజన్యారావు పంతులు వేశ్యల మొహం చూడనని నియమం పెట్టుకున్నవాడు. లుబ్ధావధాన్లు కేసు ముడి విప్పింది మాత్రం మారువేషంలో వచ్చిన మధురవాణి. మంచివాడైన ఆ వకీలు ఆమె మాట వినాలంటే ఆమె మగవేషం కట్టాల్సొచ్చింది.

హోమ్‌లో ఉన్నామె ఏ వేషం కట్టాలి?