కడుపు లెక్క

మా పల్లెలో గొడ్డు అంటే తిట్టు కాదు. గొడ్డు మాకు కూడు, గొడ్డు మాకు చెప్పు, గొడ్డు మాకు డప్పు. మా తాత చచ్చిన గొడ్డును మోసుకొచ్చి ఇంటిల్లిపాదికీ కూడు పెట్టినోడు. కానీ ఆడదాన్ని పట్టుకుని గొడ్రాలు అన్నప్పుడు మాత్రం ఆ మాట ఊళ్ళో ఎట్లా కోస్తుందో పల్లెలోనూ అట్లాగే కోస్తుంది. నాకు పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఆ మాట ఊరోళ్ళ నోటా విన్నాను, మావాళ్ళ నోటా విన్నాను. మావాళ్ళ నోట విన్నప్పుడే ఎక్కువ నొప్పి.

ఇప్పుడు ఐ.వి.ఎఫ్. చేయించుకోవడానికి సిద్ధపడుతున్నాం. సిద్ధపడటమంటే డబ్బులు కూడేసుకోవడమే అనుకున్నాను మొదట్లో.

తొమ్మిదో తరగతి నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివాను. ఒక్క గదిలో నలభై మందిమి, రెండు కిటికీలు. రోజూ సాయంత్రమయ్యేసరికి జ్వరం. వార్డెనమ్మ ఒక మాత్ర ఇచ్చి పడుకోమనేది. ఏడాదికి గాని అది క్షయ అని తేలలేదు. ఆరు నెలలు మందులు మింగాను, పోయిందనుకున్నాం. ఇరవై ఏళ్ళ తర్వాత రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే రెండు ట్యూబులూ మూసుకుపోయి కనిపించాయి. క్షయ గర్భనాళాల్లోకి కూడా పాకుతుందనీ, మన దేశంలో ఆడవాళ్ళ నాళాలు మూసుకుపోవడానికి అదొక పెద్ద కారణమనీ డాక్టరమ్మ చెప్పింది. గాలీ వెలుతురూ లేని గదుల్లో, చాలీచాలని తిండితో పెరిగే ఒంట్లో ముదిరే జబ్బు అది. గర్భసంచి బాగానే ఉంది గనక, అండాల్ని సూదితో బయటికి తీసి, బయటే పిండం కట్టించి లోపల పెట్టొచ్చంది. ఆ రోజు ఇంటికొచ్చి ఏడవలేదు. ఇన్నేళ్ళూ నన్ను గొడ్రాలన్నోళ్ళందరినీ తీసుకుపోయి ఆ హాస్టల్ గది చూపించాలనిపించింది.

ఒక్కసారికి రెండు లక్షల దాకా అవుతుందన్నారు. మిగిలిన పిండాలు దాచిపెట్టడానికి వేరే. ఆ డబ్బు బిడ్డకి కాదు, ఒక్క ప్రయత్నానికి. ముప్ఫై అయిదు దాటినాక అవకాశం ఏటికేడు తగ్గిపోద్ది, నాకు ముప్ఫై ఆరు. నేను ప్రైవేటు బళ్ళో పంతులమ్మని, నెలకి పద్నాలుగు వేలు. మా ఆయన ఆటో తోలుతాడు. ఆయుష్మాన్ భారత్ కార్డు ఈ వైద్యానికి పనికిరాదు. చీటీ పాడాం, నా గొలుసు తాకట్టు పెట్టాం. ఇంటి స్థలం మాత్రం ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాం.

ఆ లెక్కలు వేస్తుండగానే సంఘంలో పనిచేసే అన్న ఒకరు ఇంటికొచ్చారు. మేం గౌరవించే మనిషి. విషయం విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: “రక్తం రక్తమని మనమూ పట్టుకు వేలాడితే వాళ్ళకీ మనకీ తేడా ఏందమ్మా? తల్లీదండ్రీ లేని పిల్లలు లేరా? ఆ రెండు లక్షలతో మన పల్లె ఆడపిల్లలు ఇద్దరు నర్సింగు చదువుతారు.”

ఆయన మాట తప్పని నేననను. కులం రక్తంలో లేదని బాబాసాహెబ్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వాదించాడు. ఆ మాట నేను పిల్లలకు చెప్పాను, సభల్లో చెప్పాను. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. కానీ నాలుగో రోజు నాకొక సంగతి తట్టింది. ఆ అన్నకి ఇద్దరు బిడ్డలు. వాళ్ళు పుట్టినప్పుడు, ఎందుకు కన్నావు, ఆ ఖర్చుతో ఎవర్ని చదివించొచ్చు అని ఆయన్నెవరూ లెక్క అడగలేదు. ఊరికే బిడ్డలు పుట్టినోళ్ళు ఆదర్శం చూపించక్కర్లేదు. క్షయతో ట్యూబులు పోయిన నేను మాత్రం చూపించాలి. బాబాసాహెబ్‌కూ రమాబాయికీ పుట్టిన అయిదుగురిలో నలుగురు పసితనంలోనే పోయారు. చివరివాడు రాజరత్న పోయింది 1926లో. ఆ బిడ్డ కోసం ఆయన ఎంత కుమిలిపోయాడో చదివినవాళ్ళకు తెలుసు. ఆ ఏడుపు కులం కోసమని ఎవరైనా అంటారా? దత్తత తలుపు నేను మూయలేదు. రెండుసార్లు చూస్తాం, కాకపోతే దత్తతకు పేరు రాయించుకుంటాం. మూడోసారి లేదు. ఇది మేమిద్దరం కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకున్నాం. దిగినాక మనసు ఆగదని దిగకముందే రాసుకున్నాం.

అసలు పరీక్ష ఆసుపత్రిలో ఎదురయింది. నా అండాలు సరిపోకపోతే దాత అండం వాడాల్సి వస్తుందని చెబుతూ కౌన్సెలింగ్ చేసే అమ్మాయి, “ఏ క్యాస్ట్ కావాలో ముందే చెప్పండి మేడమ్, అందరూ అడుగుతారు” అంది. ఏదైనా ఒకటే అన్నాను. “మీదేంటి?” అంది. చెప్పాను. పెన్ను ఆగింది. “మీవాళ్ళవి దొరకడం కష్టం. వేరేవాళ్ళవైతే ఉంటాయి.”

2021 చట్టంలో దాత వయసు ఇరవై మూడు నుంచి ముప్ఫై అయిదు అని రాశారు. ఈ కులం గడి ఎవరు గీశారో మరి.

బస్సులో మా ఆయన నవ్వుతానే ఉన్నాడు. “ఎవరి అండమైతే ఏందే, మన పల్లెలో పెరిగితే వాడు మాదిగోడే గదా!” నేనూ నవ్వాను. కానీ ఆ నవ్వు కింద నాలో ఏదో మూల, తెల్లగా పుడుతుందేమో, ఎవరూ గుర్తుపట్టరేమో అన్న ఆశ ఒకటి కదిలింది. ఒక్క క్షణమే. నా బళ్ళో నల్లపిల్లల్ని ఒళ్ళో కూచోబెట్టుకుని చదువు చెప్పేదాన్ని నేను. ఇది దాచి మిగతాదంతా రాస్తే ఈ రాతకి విలువ లేదు. డబ్బు కంటే ముందు సిద్ధం చేసుకోవాల్సింది దీన్నని ఆ బస్సులో తెలిసింది. ఇంకా చేసుకుంటానే ఉన్నాను.

మా అమ్మకి 1991లో పిల్లల ఆపరేషన్ చేశారు. అప్పటికి ఇరవై రెండేళ్ళు. నర్సమ్మ మా పల్లెకి మూడుసార్లు తిరిగింది, డబ్బులిస్తామంది. నాలుగేళ్ళకి నా తమ్ముడు జ్వరంతో పోయాడు. నాళాలు మళ్ళీ అతికించే ఆపరేషన్ ఒకటుంటుందని అమ్మకి ఎవరూ చెప్పలేదు. ఇద్దరికంటే ఎక్కువమంది ఉంటే పంచాయతీకి పోటీ చేయకూడదని 1994లో చట్టం చేసిన రాష్ట్రమే 2024లో ఆ నిబంధన ఎత్తేసింది. ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రే చెప్పారు. అమ్మ టీవీలో విని, “ఎవుర్నంట కనమంటా?” అనడిగింది.

నిన్న అమ్మ వచ్చింది. కూలికి పోయి ఏళ్ళ తరబడి దాచిన డబ్బు, గుడ్డలో మూట. పద్దెనిమిది వేలు.

“ఎన్ని సూదులు పొడుస్తారే?”

“పది పన్నెండు రోజులమ్మా. రోజుకొకటి, ఒక్కోరోజు రెండు.”

“నాకు ఒక్కసారే కోశారు” అని, నోట్లు మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.