మెరుగు పెట్టిన వెన్నెల

కంసాలి దగ్గరికి పాత నగ పట్టుకెళ్లే ఆడవాళ్లు రెండు రకాలు. మెరుగు పెట్టించుకుని తెచ్చుకునేవాళ్లు కొందరు, చెరిపించి కొత్త మోస్తరుగా చేయించుకునేవాళ్లు కొందరు. బంగారం రెండింటిలోనూ అదే. కాని అత్తగారి కాసులపేరు మెరుగు పెట్టిస్తే అది అత్తగారి కాసులపేరే. చెరిపించి నెక్లెసు చేయించామనుకోండి, “ఇది మా అత్తయ్యగారిది” అని చెప్పబోతే మన నోరే కాస్త తడబడుతుంది.

పాత సినిమాలకి ఇప్పుడు జరుగుతున్న సింగారం చూస్తే నాకీ కంసాలి దుకాణమే గుర్తొస్తుంది. గీతలు తుడిచి, శబ్దం బాగుచేసి, ఫోనుల్లోకీ గోడంత టీవీల్లోకీ మళ్లీ హాళ్లలోకీ పంపిస్తున్నారు. సంతోషమే! పట్టించుకోకపోతే ఏమవుతుందో మనకి తెలియంది కాదు. 1932లో వచ్చిన మన తొలి టాకీ “భక్త ప్రహ్లాద”ని చూద్దామంటే ఇవాళ ప్రతి దొరకదు.

మెరుగంటే సత్యజిత్ రాయ్ గారి “పథేర్ పాంచాలి”కి పెట్టిన మెరుగు. 1993లో లండన్‌లో ఒక లాబొరేటరీ తగలబడి, ఆయన చిత్రాల నెగెటివులు కొన్ని కాలి, పెళుసెక్కిపోయాయి. మనమైతే చీపురుతో ఊడ్చి పారేసేవాళ్లం. ఇటలీలోని బొలోన్యాలో నిపుణులు ఆ చుట్టల్ని మెత్తబరిచి, చిరుగులు చేత్తో అతికి, బొత్తిగా పనికిరాని చోట వేరే ప్రతుల నుంచి బొమ్మ తెచ్చి పూరించారు. 2015లో ఆ చిత్రం మళ్లీ లోకం ముందుకొచ్చింది. దుర్గ చీర ఏ రంగులో ఉంటే బాగుంటుందని వాళ్లెవరూ ఆలోచించలేదు.

ఆ ఆలోచన చేసింది మన “మాయాబజార్”కి. 1957 నాటి చిత్రానికి హైదరాబాదు కంపెనీ ఒకటి రంగులద్ది 2010లో విడుదల చేసింది. జనం బాగానే చూశారు. మా ఇంట్లో మాత్రం ఆ సంగతెత్తితే ఇప్పటికీ రెండు పక్షాలే. “రంగు లేకపోతే పిల్లలు చూడరండీ, అసలు చూడకపోవడం కన్నా ఇది నయం కదా?” అంటుంది మా కోడలు. కొట్టిపారెయ్యదగ్గ మాట కాదు. ఆ రోజుల్లో రంగు ఖరీదైన వ్యవహారం. పూర్తి రంగుల తెలుగు చిత్రం “లవకుశ” వచ్చిందే 1963లో. హిందీ “మొఘల్-ఎ-ఆజం” సంగతి చూడండి. కొంత భాగం రంగుల్లో తీశాక, మొత్తం రంగుల్లోనే మళ్లీ తియ్యాలని ఆసిఫ్ గారు ముచ్చటపడ్డారు. అది సాగలేదు. 2004లో దానికి రంగులేస్తే, పోయినవాడి కోరిక తీర్చామని చెప్పుకోవచ్చు.

అయితే లేమిలో చేసినదంతా లోటుగా చేసిందనుకోవడం పొరపాటు. నెలాఖరున ఉన్న నాలుగు సరుకులతో మా అమ్మ చేసిన పులుసులో ఇవాళ నేను జీడిపప్పు వేస్తే రుచి పెరగదు. మాయాబజార్‌లో పడవ మీద పడే ఆ వెన్నెల ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపులతో పుట్టించింది. అసలు వెన్నెల్లో మన కళ్లకి రంగులెక్కడ కనిపిస్తాయి? రాత్రి పెరట్లో నిలబడి, ఒంటి మీది చీర ఏ రంగో చెప్పమనండి! దర్శకుడు కె.వి. రెడ్డి గారు 1972లోనే పోయారు, బార్ట్‌లీ 1993లో. అడుగుదామంటే ఎవరున్నారు?

ఆ చిత్రంలోనే ప్రియదర్శిని పెట్టె ఉందిగా. మూత తీస్తే ఎవరికి ప్రియమైనది వాళ్లకి కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు కనబడ్డాడు. పాత సినిమా పెట్టె తెరిచినవాళ్ల సంగతీ అంతే కాబోలు.

ఇంకో దొంగ పద్ధతుంది, కత్తిరింపు. పాత టీవీ బొమ్మ ఇంచుమించు చదరం, ఇప్పటి టీవీ వెడల్పు. నిండుగా కనబడాలంటే పైనా కిందా కొయ్యాలి. “సైన్‌ఫెల్డ్” అనే అమెరికన్ హాస్య ధారావాహికని 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో అలాగే వేశారు. అందులో రోడ్డు మీది గుంట చుట్టూ నడిచే ఎపిసోడ్ ఒకటుంది. మనిషి కిందకి చూస్తున్నాడు, గుంట మాత్రం బొమ్మలో లేదు! పాతది చూసినవాళ్లు గోల చేశారు. చూడనివాళ్లకి పోయిందన్న సంగతే తెలియదు. నాకు భయం వేసేది అక్కడే.

అన్నిటికీ మించింది 2025 ఆగస్టులో జరిగింది. 2013లో వచ్చిన “రాంఝణా” తమిళ ప్రతిని, కృత్రిమ మేధతో ముగింపు మార్చి మళ్లీ వదిలారు. చనిపోవాల్సిన నాయకుడు కళ్లు తెరిచాడు. దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్, నటుడు ధనుష్ ఇద్దరూ బతికే ఉన్నారు, వద్దని బాహాటంగా అన్నారు కూడా. అయినా ఆగలేదు. ఉన్నవాళ్ల మాటే చెల్లకపోతే, పోయినవాళ్ల తరఫున అడిగేదెవరు? “సుఖాంతమేగా అత్తయ్యా, ఎవరికి నష్టం?” అంది మా కోడలు. ఆ చావుకి ఏడ్చినవాళ్లకి, అన్నాను. కాసేపు మాట్లాడలేదు పిల్ల.

రంగుల మాయాబజార్‌ని నేను నిషేధించమనను. నలుపు తెలుపుది పక్కనే ఉంది, కావలసినవాళ్లు అది చూస్తారు. కాని కంసాలి కూడా చీటీ మీద తరుగెంతో రాసిస్తాడు కదా! ఆ రంగుల ప్రతిలో కొంత నిడివి కూడా తగ్గింది. బొమ్మ మొదలయ్యే ముందు ఏం తీసేశారో, ఏం కలిపారో, అసలుది ఎక్కడ చూడొచ్చో రెండు ముక్కలు తెర మీద వెయ్యడానికి ఎంత ఖర్చవుతుంది?