గట్టు దాటిన ధర్మం

తెలుగునాట గడ్డివాము కలిమికి గుర్తు. పెరటిలోని వాము పరిమాణాన్ని బట్టి ఆ ఇంటి పాడిని అంచనా వేసిన కాలం ఒకటుండేది. అదే వరిగడ్డి సోనీపత్, పానీపత్, కర్నాల్ జిల్లాల రైతులలో అనేకులకు కార్తికమాసం వచ్చేసరికి వదిలించుకోవలసిన బరువుగా పరిణమించింది. జాతీయ రాజధాని ప్రాంతంలోని ఈ జిల్లాలలోనూ, వాయవ్యాన ఉన్న పంజాబులోనూ వరికోత ముగిసిన పొలాల్లో కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టడం దశాబ్దాలుగా పరిపాటి అయింది. ఆ దిక్కు నుండి వీచే గాలులు పొగను ఢిల్లీ నగరం మీదికి మోసుకొని వస్తాయి.

ఇక్కడొక నైతిక ప్రశ్న ఉదయిస్తుంది. తన పొలంలో తన గడ్డిని తగులబెట్టుకొనే రైతు ఎవరికి జవాబుదారి? నిప్పు పెట్టడం మానుకొన్న రైతు చేస్తున్నది దాక్షిణ్యమా, ధర్మమా?

తీర్పు చెప్పడానికి ముందు చరిత్రను విచారించడం ఉచితం. 1960వ దశకంలో మన దేశం విదేశాల గోధుమ నౌకల కోసం ఎదురుచూసింది. ఆ దైన్యం నుండి గట్టెక్కించే భారం ప్రధానంగా పంజాబు, 1966లో అవతరించిన హర్యానా రాష్ట్రాల రైతులపై పడింది. పొట్టి గోధుమ వంగడాలు, రసాయనిక ఎరువులు, గొట్టపు బావులు, మద్దతు ధరలు వారి సేద్యాన్ని మార్చివేశాయి. అక్కడి ప్రజల ప్రధానాహారం గోధుమ. వరిని వారు విస్తారంగా పండించినది దేశపు ధాన్యాగారం కోసం. భూగర్భజలం అడుగంటుతుండగా 2009లో ఉభయ రాష్ట్రాలు చట్టాలు చేసి, వరినాట్లను జూన్ నెలలో నిర్ణీత తేదీకి ముందు వేయరాదన్నాయి. మండుటెండలో నీరు ఆవిరి కాకుండా కాపాడడమే వాటి ఆశయం. కాని నాట్లు వెనుకబడితే కోత కూడా వెనుకబడుతుంది. వరికోతకు, గోధుమ విత్తుకు నడుమ రైతుకు రెండు మూడు వారాల వ్యవధి మాత్రమే మిగిలింది. కోత యంత్రం మోళ్ళను పొలంలోనే విడిచిపెడుతుంది. బాస్మతియేతర వరిగడ్డిలో సిలికా అధికం కనుక పశువుల మేతకు అది అంతగా పనికిరాదు. కూలి ఖర్చు హెచ్చు, అగ్గిపుల్ల చవుక. నీటిని కాపాడబోయిన చట్టం గాలికి చేటు తేవడంలో ఈ విధంగా పాలుపంచుకొన్నది.

పొగకు కర్తలు అనేకులన్న మాట దీనివల్ల తేటపడుతుంది. అయితే దోషం అందరిదీ అన్నప్పుడు అది ఎవరిదీ కాకుండా పోయే ప్రమాదం ఉంది. కర్మఫలాన్ని కర్తయే అనుభవిస్తాడని మన పెద్దలు చెప్పారు. ఇక్కడ కర్త ఒకరు, భోక్తలు కోటానుకోట్లు. ఆ భోక్తలలో మొదటివారు రైతు ఇంటి పిల్లలే. ఆయన నేల కూడా నష్టపోతున్నది. టన్ను గడ్డి తగులబడితే సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ నేలకు దక్కకుండా పోతాయని అంచనా. పొలం గట్టు భూమిని విభజించగలదే కాని, గాలిని విభజించలేదు. కనుక నిప్పు మానుకోవడం దాక్షిణ్యం కాదు, ధర్మమే.

మరి ఆ ధర్మభారాన్ని మోయవలసినది ఎవరు? ఐదెకరాల రైతు కుటుంబాన్ని ఊహించుకొందాం. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కొయ్యకాళ్ళ దహనాన్ని నిషేధించింది. గడ్డిని తొలగించకుండానే గోధుమ విత్తగల హ్యాపీ సీడర్ యంత్రాలకు 2018 నుండి కేంద్రం రాయితీ ఇస్తున్నది. గడ్డిని కుళ్ళబెట్టే శిలీంధ్రాల మిశ్రమాన్ని పూసాలోని వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించింది. పానీపత్‌లో 2022 ఆగస్టులో ప్రారంభమైన ఇథనాల్ కర్మాగారం ఏటా సుమారు 2 లక్షల టన్నుల గడ్డిని ఇంధనంగా మార్చడానికి ఉద్దేశించినది. మార్గాలు లేకపోలేదు. కాని యంత్రపు అద్దె, డీజిలు, గడ్డిమోపుల రవాణా, దిగుబడి తగ్గుతుందేమోనన్న దిగులు ఆ ఇంటివే. స్వచ్ఛమైన గాలి మాత్రం అందరిదీ. పైగా నగరపు వాహనాలు, కర్మాగారాలు, నిర్మాణాల ధూళి ఏడాది పొడవునా గాలిని కలుషితం చేస్తూనే ఉన్నాయి. భారంలో పాలు పంచుకోకుండా ధర్మాన్ని బోధించడం ధర్మం అనిపించుకోదు.

సౌరశక్తి విషయంలో మరొక చిక్కు ఎదురవుతుంది. 2019లో మొదలైన ప్రధానమంత్రి కుసుమ్ పథకం కింద అనేక పొలాలకు సౌర పంపులు వచ్చాయి. వాటికి పొగ లేదు, డీజిలు బిల్లు లేదు. కాని ఆ బిల్లే ఇంతకాలం నీటి వాడకానికి ఒక హద్దుగా ఉండేది. సూర్యుడు ఉచితంగా పంపు నడిపేటప్పుడు, మనుమడి కాలానికి మిగలవలసిన నీటిని కూడా తాత తోడివేయవచ్చు. శక్తి నిర్మలమైనంత మాత్రాన దాని వినియోగం ధర్మబద్ధం కాజాలదు. పంపును విద్యుత్ జాలానికి కలిపి, మిగులు కరెంటును అమ్ముకొనే ఏర్పాటు కూడా అదే పథకంలో ఉండడం గమనార్హం. అక్కడ తోడని నీరు సైతం ఆదాయమవుతుంది, సంయమనానికి ప్రతిఫలం లభిస్తుంది.

సంయమనం ఒంటరివాడికి కష్టం, ఊరికి సులభం. ఈ సత్యానికి తెలుగునేలపైనే నిదర్శనం ఉంది. ప్రస్తుత జనగామ జిల్లాలోని ఏనబావి 2006లో ఊరంతా కలిసి రసాయనరహిత గ్రామంగా ప్రకటించుకొన్నది. అక్కడివి సుమారు 50 కుటుంబాలు. చుట్టూ అందరూ పురుగుమందు చల్లుతుండగా ఒక్కడే మానుకొంటే ఆ రైతుకు భయం తప్పదు. అందరూ మానుకొన్నప్పుడు పొరుగు పొలమే ఆయనకు ధైర్యం చెబుతుంది.

దేవ, ఋషి, పితృ ఋణాలతోనే మనిషి పుడతాడని మన సంప్రదాయం భావించింది. ఆకలి తీర్చిన రైతుకు దేశం పడిన ఋణం ఒకటి, రేపటి తరానికి రైతు పడిన ఋణం మరొకటి. మొదటిది తీర్చకుండా రెండవదాని వసూలుకు పూనుకోవడం న్యాయం కాదు. నిప్పు పెట్టని ఐదెకరాల రైతుకు విత్తే యంత్రం అదనులో అందిందా, గడ్డికి గిట్టుబాటు ధర పలికిందా అని కార్తికంలో నగరం విచారించగలిగిన నాడు ఆయన ధర్మం ఆయనకు భారం కాబోదు.