శిథిలాలయంలో పవిత్రత

శిథిలమైన ప్రార్థనాలయంలో పవిత్రత మిగులుతుందా అన్న ప్రశ్నకు అండమాన్‌లోని రాస్ దీవి చక్కని సందర్భం. శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్)లోని డాలీగంజ్ నుంచి అబర్డీన్ వైపు వచ్చి పడవెక్కితే ఒక్క పూటలో చూసి రావచ్చు. 1858లో మొదలైన బ్రిటిష్ ఖైదీల స్థావరానికి ఈ దీవే కేంద్రమైంది. 1941 జూన్ భూకంపం, 1942లో జపాన్ ఆక్రమణ దాన్ని పాడుపెట్టాయి. 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవి అన్న పేరు వచ్చింది. అక్కడి ప్రెస్బిటేరియన్ చర్చికి ఇప్పుడు కప్పు లేదు. గోడలను మర్రి జాతి చెట్ల వేళ్లు పెనవేసుకున్నాయి.

ఆగమాల దృష్టిలో రాతికి సాన్నిధ్యం పుట్టుకతో రాదు, ప్రతిష్ఠతో వస్తుంది. అందుకే జీర్ణోద్ధారణ వేళ దేవుడి కళలను కలశంలోకి ఆకర్షించి, బాలాలయమనే తాత్కాలిక గుడిలో పూజలు సాగిస్తారు. యాదగిరిగుట్టలో 2022 మార్చి 28న ప్రధానాలయం తిరిగి తెరిచే దాకా భక్తులు మొక్కింది బాలాలయంలోనే.

ప్రెస్బిటేరియన్లు సహా ప్రొటెస్టెంట్ల ఆలోచన వేరే దారిన అక్కడికే చేరుతుంది: వారికి చర్చి అంటే ముందుగా విశ్వాసుల సంఘం, ఆ తర్వాతే కట్టడం.

ఈ రెండు లెక్కల్లోనూ రాస్ గోడలు ఖాళీవే. అయినా ఆ దీవిలో అడవి కొట్టి కట్టడాలు లేపింది ఖైదీలు. శిక్షకు వచ్చి తిరిగి ఇల్లు చేరనివారి జ్ఞాపకం ఉన్నచోట గొంతు తగ్గించి నడవడమే ఉచితం.