ఆకలితో ఉన్నా అతిథికి పెట్టే ఇల్లు



శ్రీకూర్మం దగ్గరి సముద్రపు ఒడ్డు పల్లె నుండి ఒక వానాకాలం సాయంత్రం ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. "పిల్లడికి పొద్దుటి నుంచి విరోచనాలు బాబూ, మాత్రేదైనా ఉంటే ఇప్పించండి" అంది. నాకెప్పుడో రాసిచ్చిన యాంటీబయాటిక్ మాత్రలు సొరుగులో నాలుగు మిగిలి ఉన్నాయి. జాలిపడి ఇచ్చేశాను. మర్నాడు పిల్లవాడు మరింత నీరసించి ఆస్పత్రి చేరాడు. అక్కడ ఓ.ఆర్.ఎస్. నీళ్లతోనే కోలుకున్నాడు. నేను చేసింది మంచి పనేనా? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వదలలేదు.

మన శరీరంలో మనవైన కణాలు సుమారు 30 లక్షల కోట్లు, బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు ఉంటాయని 2016లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ఆ బాక్టీరియాలో అత్యధికం పేగుల్లోనే కాపురం. రోగక్రిమి లోపలికి వచ్చినప్పుడు మొదట అడ్డుపడేది ఈ కాపురస్థులే. చోటు ఖాళీగా ఉంచవు, తిండి మిగల్చవు. 1954లో చికాగోలో ఎలుకలకు ఒక్కసారి స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి చూశారు. అంతకుముందు సాల్మొనెల్లా సోకాలంటే సుమారు లక్ష క్రిములు కావలసి వచ్చేది. మందు తరువాత పది కూడా అక్కరలేకపోయింది. కాపలావాళ్లను మందే వెళ్లగొట్టింది!

ఇంతకన్నా ఆశ్చర్యకరమైన సంగతి 2014లో బయటపడింది. జబ్బుపడిన ఎలుక తిండి మానేస్తుంది. అప్పుడు దాని చిన్నపేగు కణాలు తమ ఉపరితలం మీద ఫ్యూకోజ్ అనే చక్కెరను పేర్చుతాయి. పేగులోని మేలు బాక్టీరియా దానిని తిని బ్రతుకుతాయి. ఇంటాయన పస్తున్నాడు, అతిథికి మాత్రం విస్తరి వేశాడు.

దీనిని పుణ్యకార్యం అనవచ్చునా? అనలేము. బుద్ధి, సంకల్పం లేనిచోట నైతిక క్రియ లేదని పునీత తోమాసు అక్వినాసు వారు బోధించారు. కణం మరోలా చేయలేదు. కనుక దానికి పుణ్యమూ లేదు, పాపమూ లేదు. కానీ నా సంగతి అలా కాదు. నాకు సంకల్పం ఉంది, జాలి ఉంది, లేనిది తెలివిడి. తెలుసుకోగలిగి ఉండీ తెలుసుకోకపోవడం నా తప్పే. వివేకం తోడులేని దయ అవతలివాడికి మేలు చేయదు. ఇచ్చినవాడి మనసుకు తృప్తినిస్తుంది, అంతే.

కలుపు పీకబోతే గోధుమ కూడా ఊడివస్తుందని ప్రభువు హెచ్చరించిన ఉపమానం మీకు తెలిసినదే. నా నాలుగు మాత్రలు అలాంటి తొందరపాటే. టైఫాయిడ్ వంటి జబ్బుకు వైద్యుడు చూసి ఇచ్చే యాంటీబయాటిక్ ప్రాణదానమే, సందేహం లేదు. సొరుగులో మిగిలిన మాత్ర మాత్రం అలాంటిది కాదు.

వివేకంతో కూడిన దయ ఎలా ఉంటుందో మన పొరుగు ఒడిశా చూపించింది. అక్కడి పల్లెల్లో 4,556 మంది పసికందులతో జరిగిన పరిశోధన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. కొందరికి ఏడు రోజులపాటు మేలు బాక్టీరియాను, దానికి ఆహారమయ్యే చక్కెరతో కలిపి పట్టారు. రక్తంలో విషక్రిముల జబ్బు గానీ మరణం గానీ సంభవించినవారు మిగతా బిడ్డల్లో నూటికి 9 మంది అయితే, వీరిలో 5.4 మందే.

పాఠకులారా, ఈసారి ఎవరైనా మీ వాకిట నిలబడి మాత్ర అడిగితే ఓ.ఆర్.ఎస్. కలిపి ఇవ్వండి, తోడుండి వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. మాత్ర ఇవ్వడానికి ఒక్క నిమిషం చాలు. తోడు వెళ్లడానికి పూట గడిచిపోతుంది. ఆ పూట ఇవ్వడానికి ఆ సాయంత్రం నేను సిద్ధపడలేదు. మీరు సిద్ధమేనా?